పవర్ స్టీరింగ్ ఆయిల్ లీక్: పోసుకుంటూ పోవద్దు, ముందు చోటు పట్టుకోండి

సింగరాయకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, స్టీరింగ్ గట్టిపడింది, మెకానిక్ ఆయిల్ తగ్గిందన్నాడు, పోసిన నెలకి మళ్ళీ అదే కథ. ఇంట్లో ఏమన్నా చేసుకోవచ్చా?" ఇదీ ప్రశ్న.

చేసుకోవచ్చు. కానీ అన్నీ కాదు. ఏది మన ఇంటి ముందు అరగంటలో అయిపోతుంది, ఏది షెడ్డుకి తీసుకెళ్ళాలి, ఏది ఆ రోజే బండి ఆపేయాలి అనే తేడా తెలియాలి. ఈ ఎపిసోడ్ అంతా ఆ తేడా గురించే. చదివేవాళ్ళ కోసం ఎప్పటిలాగే మాటలన్నీ కింద పెట్టాం. బండి పక్కన కూర్చుని ఫోన్‌లో ఒక్కో స్టెప్ చూసుకుంటూ చేసుకోండి.

ముందు మీ కారులో ఆయిల్ ఉందా?

నవ్వకండి, ఇది నిజంగానే మొదటి ప్రశ్న. పవర్ స్టీరింగ్ రెండు రకాలు. ఒకటి ఆయిల్‌తో పనిచేసేది, అంటే హైడ్రాలిక్. రెండోది కరెంటు మోటార్‌తో పనిచేసేది. స్విఫ్ట్, వ్యాగన్‌ఆర్, ఐ20 లాంటి చిన్న కార్లలో ఉండేది మోటార్ రకం. వాటిలో స్టీరింగ్ ఆయిలే లేదు, కాబట్టి అది లీక్ అయ్యే ప్రసక్తే లేదు. అలాంటి కారు కింద ఆయిల్ కనపడితే అది ఇంకేదో ఆయిల్.

ఇన్నోవా, బొలెరో, పాత ఇండికా, తవేరా, మొదటి తరం ఫిగో లాంటివాటిలో హైడ్రాలిక్ స్టీరింగ్ వచ్చింది. మన ఏరియాలో సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా చేతులు మారేవి కూడా ఇట్టాంటి బళ్ళే. కొన్ని మోడళ్ళలో వేరియంట్‌ని బట్టి కూడా మారుతుంది. కాబట్టి పేరు చూసి కాదు, బానెట్ ఎత్తి చూడండి. మూత మీద స్టీరింగ్ బొమ్మ ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా కనపడితే మీది హైడ్రాలిక్. ఆ డబ్బా లేకపోతే మిగతా ఎపిసోడ్ మీ బాబాయి కారు కోసం చూడండి.

చిన్న హిస్టరీ. ఈ ఆయిల్ స్టీరింగ్‌ని అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లో ఒక కారుకి బిగించి నడిపి చూపించాడు. జనం కొనుక్కునే కారులోకి రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1951లో క్రిస్లర్ ఇంపీరియల్‌లో వచ్చింది. మోటార్ రకం 1988లో సుజుకీ సెర్వోతో మొదలైంది. ఇప్పుడు కొత్త కార్లన్నీ దాదాపు అటే వెళ్ళిపోయాయి. కానీ రోడ్డు మీద పాత బళ్ళు ఇంకా లక్షల్లో ఉన్నాయి, వాటి రబ్బర్లకి వయసైపోతోంది. అందుకే లీకుల ప్రశ్నలు ఇప్పుడు ఎక్కువయ్యాయి.

లోపల ఏం జరుగుతుంది

ఐదు భాగాలు గుర్తుపెట్టుకోండి. ఆయిల్ డబ్బా. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు. పంపు నుంచి స్టీరింగ్ ర్యాక్‌కి వెళ్ళే ప్రెజర్ పైపు. ర్యాక్, అంటే చక్రాలను అటూ ఇటూ నెట్టే పొడవాటి కడ్డీ ఉన్న గొట్టం. చివరగా ర్యాక్ నుంచి డబ్బాలోకి తిరిగొచ్చే రిటర్న్ పైపు. పాత జీపు రకం బళ్ళల్లో ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్స్ ఉంటుంది, మిగతా లైనంతా ఇదే.

మీరు స్టీరింగ్ తిప్పగానే ర్యాక్ దగ్గర ఒక వాల్వ్ తెరుచుకుని, పంపు నెట్టే ఆయిల్‌ని పిస్టన్‌కి ఒక పక్కకి పంపిస్తుంది. ఆ ఒత్తిడి చక్రాన్ని నెడుతుంది. మన చేతికి తేలిగ్గా అనిపించేది అందుకే.

ఎంత ఒత్తిడి? మీ టైరులో గాలి 30 నుంచి 35 పీఎస్ఐ ఉంటుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు ప్రెజర్ పైపులో 1000 పీఎస్ఐ దాటిపోతుంది. అదే రిటర్న్ పైపులో ఒత్తిడి చాలా తక్కువ, ఆయిల్ తీరిగ్గా డబ్బాలోకి వస్తుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం ఎపిసోడ్ అయిపోయినట్టే. తక్కువ ఒత్తిడి ఉన్న వైపు మనం చేయి పెట్టొచ్చు. ఎక్కువ ఒత్తిడి ఉన్న వైపు అతుకులు పనికిరావు.

ఇంకో మాట. మా బాబాయి తన డీజిల్ బండి గురించి ఎప్పుడూ అంటుంటాడు: "ఒరేయ్, బండి పాతదైంది కదరా, కాస్త ఆయిల్ తాగుద్ది." ఇంజన్ ఆయిల్ విషయంలో ఆ మాట కొంతవరకు నిజమే. పాత ఇంజన్ కొంచెం ఆయిల్ కాలుస్తుంది. స్టీరింగ్ ఆయిల్ అట్టా కాదు. అది మూసిన సర్క్యూట్‌లో తిరిగేది. కాలదు, ఆవిరై పోదు. తగ్గిందంటే ఎక్కడో బయటికి వెళ్ళిందనే అర్థం. కారణం చూడకుండా పోస్తూ పోవడం, మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లాగ్ తెరవకుండా సర్వర్ రీస్టార్ట్ కొట్టడం లాంటిది. రేపు మళ్ళీ పడుతుంది.

పోస్తే నడుస్తుంది కదా, ఎందుకంత హడావిడి?

స్టీరింగ్ ఎప్పుడు బరువెక్కుతుందో ఆలోచించండి. హైవే మీద 80లో నేరుగా వెళ్తున్నప్పుడు సహాయం పోయినా పెద్దగా తెలియదు. బండి మెల్లగా వెళ్తూ బాగా తిప్పాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. అంటే మన ఊళ్ళో ఎక్కడ? జాతీయ రహదారి 16 మీద డివైడర్ గ్యాప్‌లో యూ టర్న్ కొట్టేటప్పుడు. ఒంగోలు వైపు నుంచి లారీలు వస్తుంటాయి, మీరు సగం తిప్పారు, స్టీరింగ్ బిగుసుకుంది. పంపు పోయినా చక్రాలకి, స్టీరింగ్‌కి మధ్య ఇనుప కనెక్షన్ ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది. కానీ రెండు చేతులా బలంగా లాగితే తిరుగుతుంది. అలవాటు లేని చేతికి, పెద్దవాళ్ళ చేతికి ఆ రెండు సెకన్లే ప్రమాదం.

రెండోది డబ్బు. పంపుకి చల్లదనం, జిగురు రెండూ ఆ ఆయిలే. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. తిప్పినప్పుడల్లా "గూఁ..." అని మూలుగుతుంది. అది వినపడుతుంటే పంపు లోపల అరిగిపోతున్నట్టే. కొన్ని వందల రూపాయల పైపుతో పోయేది, పంపు దాకా వెళ్తే వేలల్లోకి వెళ్తుంది. పైగా చాలా బళ్ళల్లో ఈ పంపుని తిప్పే బెల్టే ఆల్టర్నేటర్‌నీ, కొన్నిట్లో వాటర్ పంపునీ తిప్పుతుంది. లీకైన ఆయిల్ బెల్టు మీద పడి జారినా, పంపు పట్టేసి బెల్టు తెగినా, బ్యాటరీ చార్జింగ్ ఆగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి పని మీద గుంటూరు యార్డుకి వంద కిలోమీటర్లకు పైనే తిరిగే బండికి దారిలో ఇలా జరిగితే ఆ రోజు కిరాయి మొత్తం పోయినట్టే.

మూడోది నిప్పు. ప్రెజర్ పైపు కొన్ని బళ్ళల్లో సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా వెళ్తుంది. వేడి గొట్టం మీద ఆయిల్ చిమ్మితే ముందు పొగ, తర్వాత మంట కూడా రావచ్చు. బానెట్ నుంచి పొగ, కాలిన వాసన వస్తే ఆయిల్ పోసి చూద్దాం అనుకోవద్దు. పక్కకి ఆపి, ఇంజన్ ఆపేసి, అందరూ దిగండి.

కింద పడ్డ మరక ఏ ఆయిల్‌ది?

రాత్రి బండి పెట్టేటప్పుడు ముందు భాగం కింద తెల్ల అట్ట ముక్క పరచండి. ఫ్రిజ్ డబ్బా అట్ట తిరగేసినా చాలు. ఏ పక్క ముందు చక్రం ఎటుందో దాని మీద రాసి పెట్టండి. పొద్దున్నే చూడండి.

నీళ్ళలా ఉండి వాసన లేకపోతే అది ఏసీ నీళ్ళు, వదిలేయండి. నల్లగా చిక్కగా ఉంటే ఎక్కువగా ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీగానో ఉండి, తియ్యటి వాసనతో, వేళ్ళ మధ్య నీళ్ళలా పలచగా ఉంటే కూలెంట్. ఎర్రగానో లేత తేనె రంగులోనో ఉండి, వేళ్ళ మధ్య నూనెలా జారితే స్టీరింగ్ ఆయిల్ అయ్యే అవకాశం ఎక్కువ. పాతబడితే ఇదీ గోధుమ, నలుపు రంగుల్లోకి మారుతుంది. ఆటోమేటిక్ గేర్ బండి అయితే గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉండొచ్చు. అందుకే రంగొక్కటే చూసి తేల్చొద్దు. డబ్బాలో మట్టం కూడా తగ్గుతోందా చూడాలి.

ఇక్కడ ఫోన్ వాడండి. బండి చల్లగా ఉన్నప్పుడు, చదును నేల మీద, డబ్బా మట్టాన్ని ఫొటో తీయండి. పక్కనే కిలోమీటర్ల రీడింగ్ ఫొటో. వారం తర్వాత మళ్ళీ రెండు ఫొటోలు. రెండు జతలు పక్కపక్కన పెడితే ఎన్ని కిలోమీటర్లకి ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళినా "కొంచెం కారుతుందన్నా" అనే మాట కంటే ఈ ఫొటోలు చూపిస్తే ఆయనకి పని తేలిక.

లీక్ చోటు పట్టుకోవడం

ఇదే అసలు పని. మిగతాది స్క్రూడ్రైవర్ తిప్పడమే.

మనవైపు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. నల్లరేగడి పొలాల్లోకి వెళ్ళొచ్చిన బండి కింద మట్టి పొరలుగా గట్టిపడి ఉంటుంది. ఆయిల్ దాంట్లో ఇంకి అంతా ఒకే నల్లగా కనపడుతుంది. ఏది పాత తడి, ఏది కొత్త తడి తెలియదు. కాబట్టి ముందు శుభ్రం చేయాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, కనీసం గంటన్నా ఆగాక, డబ్బా, పంపు, పైపుల చివర్లు, ర్యాక్ చుట్టూ గుడ్డతో, డీగ్రీజర్‌తో తుడవండి. పెట్రోలు వాడొద్దు. బెల్టు మీద ఏమీ పడనివ్వద్దు. ఆరనివ్వండి. తర్వాత అనుమానం ఉన్న చోట టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి. కొత్తగా కారే ఆయిల్ తెల్లటి పొడి మీద గీతలా కనపడుతుంది.

ఇప్పుడు డబ్బాలో మట్టం సరిచేసి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టండి. గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ స్టార్ట్. మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమనండి. చివర్లో ఐదు సెకన్ల కంటే ఎక్కువ పట్టుకోవద్దని ముందే చెప్పండి, అక్కడ పంపు మీద ఒత్తిడి బాగా ఎక్కువ. మీరు పక్క నుంచి టార్చ్ వేసి చూడండి.

జాగ్రత్తలు మూడు. ఒకటి, చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు బెల్టు దగ్గరికి రాకూడదు. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బళ్ళల్లో ఇంజన్ ఆపాక కూడా తిరుగుతుంది. రెండు, ప్రెజర్ పైపు మీద వేలు పెట్టి తడి చూడొద్దు. సన్నని రంధ్రం నుంచి ఆ ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోగలదు. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల పెద్ద గాయం. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికే. చూడటానికి అట్ట ముక్క వాడండి. మూడు, ఇంజన్ నడుస్తుండగా బండి కిందకి దూరొద్దు.

ఎలా నిర్ధారించాలి? బండి కదులుతుంటే గాలి ఆయిల్‌ని వెనక్కి నెడుతుంది, బరువు కిందకి లాగుతుంది. కాబట్టి బొట్టు పడే చోటు లీక్ చోటు కాకపోవచ్చు. తడిసిన చోట్లన్నిట్లో బాగా పైన, బాగా ముందు ఉన్న తడి ఏదో అది వెతకండి. నూటికి ఎక్కువ సార్లు మూలం అక్కడే. ఇంకా కొన్ని గుర్తులు. బెల్టు తిరిగే లైన్‌లో బానెట్ కింద, పక్కన ఒక గీతలా ఆయిల్ చిమ్మి ఉంటే పంపు షాఫ్ట్ సీల్. చక్రాల వైపు ర్యాక్ చివర్లో అకార్డియన్‌లా మడతలున్న రబ్బర్ బూటు ఉంటుంది. ఇంజన్ ఆపి దాన్ని నొక్కి చూడండి. లోపల ఆయిల్ గలగలమంటే ర్యాక్ సీల్ పోయింది.

ఇంటి ముందు చేసుకోదగ్గవి

అన్నిటికంటే తేలికది రిటర్న్ పైపు క్లిప్పు. రబ్బరు గట్టిపడి సన్నబడితే క్లిప్పు వదులవుతుంది. స్క్రూ క్లిప్పు అయితే బిగించండి, కానీ రబ్బరులోకి కోసుకుపోయేంత కాదు. స్ప్రింగ్ క్లిప్పు తుప్పు పట్టి సత్తువ పోతే మార్చేయండి. పాకల వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళల్లో ఇనుప క్లిప్పులు, ఇనుప పైపులు త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ క్లిప్పు తీసుకోండి.

రెండోది రిటర్న్ పైపే. చివర మాత్రమే పగిలి, పైపులో వదులు ఉంటే, ఒకటి రెండు సెంటీమీటర్లు కోసి మళ్ళీ ఎక్కించొచ్చు. మధ్యలో పగుళ్ళుంటే, పిసికితే మెత్తగా చిలకరించినట్టుంటే, లేదా చెక్కలా గట్టిపడితే మొత్తం మార్చాలి. షాపులో పవర్ స్టీరింగ్ రిటర్న్ హోస్ అని అడగండి. పాత పైపు ముక్క తీసుకెళ్ళి లోపలి వ్యాసం కొలిపించండి. కూలర్ పైపు, మోటార్ నీళ్ళ పైపు, పారదర్శకంగా ఉండే పెట్రోలు పైపు వేయొద్దు. ఈ ఆయిల్ వేడికి అవి ఉబ్బిపోయి రోడ్డు మీదే ఊడిపోతాయి. మార్చేటప్పుడు కింద టబ్బు పెట్టి, పైపు విప్పగానే రెండు చివర్లూ శుభ్రమైన గుడ్డతో మూయండి. దుమ్ము లోపలికి వెళ్తే అది నేరుగా వాల్వ్‌కే.

మూడోది ఆయిల్ డబ్బా. మూత సీల్ పోతే పైనుంచి చిమ్ముతుంది. కానీ ముందు ఒకటి చూడండి, గీత దాటి పోశారా? ఎక్కువ పోస్తే వేడికి వ్యాకోచించి మూత నుంచి బయటికి వస్తుంది. అది లీక్ కాదు, కొంచెం తీసేస్తే చాలు. డబ్బా ప్లాస్టిక్ పగిలితే ఎం సీల్, ఫెవిక్విక్ పెట్టి నమ్మకం పెట్టుకోవద్దు. డబ్బా మార్చడం పెద్ద పని కాదు. చాలా డబ్బాల్లో కింద జాలీ ఉంటుంది. అది మురికితో మూసుకుపోతే కొత్త డబ్బానే మేలు.

నాలుగోది ప్రెజర్ పైపు పంపుకి కలిసే చోటు. మధ్యలో రంధ్రం ఉన్న బోల్టు, దానికి అటూ ఇటూ రాగి వాషర్లు ఉంటే, దాన్ని బాంజో బోల్టు అంటారు. చాలాసార్లు ఆ వాషర్ల దగ్గరే తడి. రెండు వాషర్లూ కొత్తవి వేసి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌తో బిగించాలి. టార్క్ రెంచ్ లేదు, పానాలు కొత్త అంటే ఇది మెకానిక్‌తో చేయించండి. ఎక్కువ బిగిస్తే పంపు బాడీలో మరలు పోతాయి.

ఇంట్లో ముట్టుకోకూడనివి

ప్రెజర్ పైపు రబ్బరుకి, ఇనుప చివరకి మధ్య ప్రెస్ చేసిన జాయింట్ ఉంటుంది. అక్కడ తడి ఉంటే పైపు మార్చాల్సిందే. దాని మీద క్లిప్పు బిగించడం, ట్యూబు ముక్క చుట్టడం, ఎం సీల్ పెట్టడం ఏదీ నిలవదు. 1000 పీఎస్ఐ అని చెప్పుకున్నాం కదా. ట్రాక్టర్, జేసీబీ హైడ్రాలిక్ పైపులు ప్రెస్ చేసే షాపుల్లో కొత్త రబ్బరు వేయించుకునేవాళ్ళు ఉన్నారు. బండి పాతదై కంపెనీ పైపు దొరకనప్పుడు అది ఒక దారి. కానీ అడగాల్సినవి రెండు: ఒత్తిడి రేటింగ్, వేడి రేటింగ్. కంపెనీ పైపు పంపు కొట్టే దడని కొంచెం మింగేలా తయారవుతుంది. గట్టి పైపు వేస్తే స్టీరింగ్‌లో శబ్దం పెరగొచ్చు. దొరికితే కంపెనీ పైపే వేయండి.

పంపు షాఫ్ట్ సీల్‌కి పుల్లీ లాగే పుల్లర్ కావాలి. ర్యాక్ సీల్ అంటే ర్యాక్ దించి, విప్పి, కిట్టు వేసి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఈ రెండూ షెడ్డు పనులే. ర్యాక్ బూటులో ఆయిల్ నిండితే బూటుకి ఇంకో ట్యాగ్ బిగించి ఆపేవాళ్ళని చూశాను. అది లీక్ ఆగడం కాదు, దాచడం. బూటు నిండి ఒకరోజు పగులుతుంది.

అసలు ర్యాక్ సీల్ ఎందుకు పోతుందో చెప్తాను, ఇది మన ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. ముందు బూటు చిరుగుతుంది. చిరుగులోంచి మట్టి, ఇసుక, వాన నీళ్ళు లోపలికి వెళ్తాయి. లోపల అద్దంలా ఉండాల్సిన కడ్డీ గీతలు పడుతుంది, తుప్పు పడుతుంది. ఆ గరుకు కడ్డీ తిప్పినప్పుడల్లా సీల్‌ని కోస్తుంది. అంటే బూటు చిరిగినప్పుడే మార్చుకుంటే ర్యాక్ ఖర్చు తప్పుతుంది. సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ, వానాకాలం ముందు ఒకసారి, బూట్లు చూడమని అడగండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కూడా బూటు నొక్కి చూడండి. ఇంజన్ కడిగి మెరిపించినవాడు బూటు లోపల కడగడు.

ఏ ఆయిల్ పోయాలి, గాలి ఎలా తీయాలి

మూత మీద లేదా మాన్యువల్‌లో ఉన్నదే పోయాలి. చాలా బళ్ళకి డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ అని రాసి ఉంటుంది. కొన్నిటికి ప్రత్యేక స్టీరింగ్ ఆయిల్. రంగు కలిసింది కదా అని కలపొద్దు. బ్రేక్ ఆయిల్ మాత్రం చచ్చినా పోయొద్దు. దాని రసాయనం వేరు, స్టీరింగ్ సీళ్ళ రబ్బరుని పాడుచేస్తుంది. పొరపాటున పోస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా డబ్బా ఖాళీ చేయించండి. అలాగే స్టీరింగ్ ఆయిల్ బ్రేక్ డబ్బాలో పడితే ఇంకా ప్రమాదం, బ్రేకులే పోతాయి.

పైపు మార్చాక లోపల గాలి ఉంటుంది. అది తీయకపోతే కొత్త పైపు వేసినా మూలుగు పోదు. పద్ధతి ఇది.

చదును గట్టి నేల మీద బండి పెట్టి, వెనక చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. ముందు భాగం జాకీతో ఎత్తి, రెండు పక్కలా స్టాండ్ల మీద దించండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాయి ముక్కలు స్టాండ్లు కావు. బరువుకి పగిలితే చెప్పి పగలవు. స్టాండ్లు లేకపోతే ఎత్తకుండా నేల మీదే చేయండి, కొంచెం కష్టంగా తిరుగుతుంది, అంతే.

డబ్బాలో కోల్డ్ గీత దాకా పోయండి. తాళం ఆన్ చేయండి, లాక్ విడిపోవడానికి. ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. స్టీరింగ్ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి పదిహేను ఇరవై సార్లు తిప్పండి. బుడగలు వస్తాయి, మట్టం తగ్గుతుంది, పోస్తూ ఉండండి. డబ్బా ఖాళీ కానివ్వొద్దు. బుడగలు తగ్గాక ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే ఇంకో నాలుగైదు సార్లు మెల్లగా తిప్పండి. ఆయిల్ నురగలా, పాల టీ రంగులో కనపడితే ఇంకా గాలి ఉంది. ఇంజన్ ఆపి అరగంట వదిలేసి మళ్ళీ చేయండి. శబ్దం పోయి, ఆయిల్ తేటగా నిలబడితే అయిపోయినట్టే. బండి దించి, ఊళ్ళోనే నాలుగు వీధులు తిరిగి, మళ్ళీ జాయింట్లు చూడండి. ఆ టెస్టు అయ్యేదాకా హైవే ఎక్కొద్దు.

స్టాప్ లీక్ సీసా సంగతి

ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి గట్టిపడిన రబ్బర్ సీల్‌ని కొంచెం మెత్తబరిచి ఉబ్బేలా చేస్తాయి. కాబట్టి సీల్ దగ్గర సన్నగా చెమర్చే లీక్ అయితే కొన్నాళ్ళు తగ్గొచ్చు. పైపు పగులుకి, వదులు క్లిప్పుకి, పగిలిన డబ్బాకి అది ఏమీ చేయదు. అందుకే చోటు తెలుసుకోకుండా సీసా కొంటే డబ్బు లీకవుతుంది. సీల్ లీకే అని తెలిసి, షెడ్డుకి వెళ్ళడానికి నెల టైం కావాలంటే, తాత్కాలికంగా వాడుకోవచ్చు. మెకానిక్‌కి మాత్రం అది పోశామని చెప్పండి.

తీసిన పాత ఆయిల్ కాలవలో, పొలం గట్టున, చెట్టు మొదట్లో పోయొద్దు. వాడిన ఆయిల్‌ని 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తాయి. మూత ఉన్న క్యాన్‌లో పోసి, పాత ఆయిల్ సేకరించే షెడ్డుకి ఇవ్వండి.

మీ బండి ఏ లెక్కలో ఉంది?

చివరగా నిర్ణయం. జాయింటు దగ్గర తడి మాత్రమే ఉంది, వారం ఫొటోల్లో మట్టం కదల్లేదు. అయితే తుడిచి, నెలకోసారి చూస్తూ ఉండండి, కంగారు లేదు. అట్ట మీద రోజూ బొట్లు పడుతున్నాయి, మట్టం దిగుతోంది. అయితే ఈ వారంలోనే చోటు పట్టుకుని, రిటర్న్ వైపు అయితే మీరే, ప్రెజర్ వైపు, పంపు, ర్యాక్ అయితే షెడ్డులో చేయించండి. అప్పటిదాకా సరైన ఆయిల్ ఒక సీసా డిక్కీలో పెట్టుకోండి. ధారగా కారుతోంది, లేదా ఒక్క ట్రిప్పులో డబ్బా అడుగంటింది, లేదా వేడి గొట్టం దగ్గర తడి ఉంది. అయితే బండి కదపొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా టోయింగ్. ఊళ్ళోనే కదా అని షెడ్డు దాకా నడిపినా పంపు మీదకి వస్తుంది.

ఇంట్లో ఈ బండి నడిపేది మీరు ఒక్కరే కాకపోతే, అమ్మో నాన్నో కూడా నడుపుతుంటే, ఒక్క మాట వాళ్ళకి చెప్పండి. తిప్పేటప్పుడు మూలుగు వినపడినా, స్టీరింగ్ ఎప్పటికంటే బరువుగా అనిపించినా "బండి పాతదైంది" అనుకోకుండా ఆ రోజే మీకు చెప్పమనండి. రేపు పొద్దున బండి తీసేముందు బానెట్ ఎత్తి ఆ డబ్బా మట్టం ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మీ మొదటి రీడింగ్ అదే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్తగా నడపండి.